విశ్వవిద్యాలయ తరగతిలో మౌనము – దాని నివారణోపాయము



వసతిగృహములకును, విద్యార్థివేతనములకును ధనమొసంగిన దాతలు పెక్కురు ఈ సభ నలంకరించియున్నారు. వారి కొక ప్రశ్న నివేదించుచున్నాను. మనము కళాశాలకు పంపిన బిడ్డ అచ్చట నోరు విప్పుచున్నాడా?

ఈ సాతంరాయికి సమీపమున శంషాబాదు విమానాశ్రయము 2008లో ప్రారంభమైనది. ఆ సంవత్సరముననే, జనులు ట్రిపుల్ ఐటీలని పిలుచు విద్యాలయములు బాసర, నూజివీడు, ఇడుపులపాయలయందు గ్రామీణ విద్యార్థులకై వెలసినవి. పదవ తరగతి ముగించిన బాలబాలికలకు ల్యాప్‌టాప్‌ల సాయమున బోధించు పద్ధతి అచ్చట ఆరంభమైనది. పల్లెబిడ్డ చేతికి యంత్రము వచ్చినది, మంచిదే. కాని చేతికి యంత్రము వచ్చుట వేరు, నోటికి మాట వచ్చుట వేరు.

తెలుగున చదివి వచ్చిన విద్యార్థికి సమాధానము తెలిసియే యుండును. ఆంగ్లమున తప్పు దొర్లునేమో, నలుగురు నవ్వుదురేమో యను జంకు వానిని వెనుకబల్లకు అంటగట్టుచున్నది. ఇది క్రొత్త బాధ కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనభాషగా స్థాపింపబడి, దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని నిరూపించినది. అయినను తెలుగుబాలున కదియు పరభాషయే ఆయెను.

హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యులగు ఎరిక్ మజూర్ గారు 1991లో ఒక క్రొత్త పద్ధతి నవలంబించిరి. ఉపన్యాసము నడుమ నాపి, నాలుగు సమాధానములతో ఒక ప్రశ్న వేయుదురు. ప్రతివిద్యార్థియు తనకు తోచినది తెలుపును. అభిప్రాయములు చీలినచో, ప్రక్కవానితో చర్చించి మరల సమాధానము చెప్పవలెను. ఇందులకు క్లికరు అను చిన్న పరికరము వాడుకకు వచ్చినది. మీట నొక్కినంతనే ఎందరు ఏ సమాధానము నెంచిరో తెరపై గోచరించును. ఎవరు తప్పిరో తోటివారికి తెలియదు. జంకు అచ్చటనే తొలగును. ఇక ప్రక్కవానితో చర్చ తెలుగున సాగిన నేమి కొరత? విషయము బోధపడినపిమ్మట ఆంగ్లము దానంతట వచ్చును.

ఇది ధనవంతుల విద్యాలయములకే చెల్లునని తలపవలదు. క్లికరు పట్టినవారికిని, అక్షరములు వ్రాసిన అట్టలు పట్టినవారికిని నేర్చుటలో చెప్పుకోదగిన భేదము లేదని 2008లో ప్రకటితమైన యొక పరిశోధన చూపినది. ప్లికర్స్ అను పద్ధతియందు విద్యార్థి చేత ముద్రించిన అట్ట యుండిన చాలును. అధ్యాపకుని సెల్‌ఫోను ఒక్కటియే వాని నన్నిటిని చదివి లెక్క తేల్చును. ఫోను లేని బిడ్డ వెలితిపడ నక్కరలేదు.

అయితే యంత్రము తనంతట గురువు కాజాలదు. సగముమంది తప్పినారని తెర చూపుచుండగా అధ్యాపకుడు పాఠము నాపక ముందునకే సాగినచో, ఆ పరికరము వలన ప్రయోజనమేమి? ప్రతి సమాధానమునకు మార్కులు కట్టినచో జంకు మరల ద్వారమున ప్రవేశించును.

కావున నా మనవి యిది. దాతలు భవనములతోపాటు ఈ స్వల్పవ్యయమును గూడ తలపెట్టుదురుగాక. మన వసతిగృహములయందు సాయంకాల పాఠములకు అట్టలు ముద్రింపించి, ప్రశ్నించుటయు, వాదించుటయు అలవరచినచో, మన బాలబాలికలు విశ్వవిద్యాలయమున తలయెత్తి మాటలాడగలరు. అన్నము పెట్టిన చేతులతోనే వారికి మాటయు నిండని ప్రార్థించుచు విరమించుచున్నాను.