కల్లెడ అమ్మాయి



పది నిమిషాలు మాట్లాడమన్నారు. పంతుళ్ళకు అది కష్టమే. అయినా ఒక్క అమ్మాయి గురించే చెప్పి కూర్చుంటాను.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలో కల్లెడ అని ఒక ఊరుంది. జీవాంజి దీప్తిది ఆ ఊరే. అమ్మానాన్నలు కూలి పనికి వెళ్ళేవారు. దీప్తికి పుట్టుకతోనే మేధోపరమైన లోపం. మాట నిదానం, చెప్పింది అర్థం కావడం నిదానం. ఊళ్ళో పిల్లలు పిచ్చిదని, కోతి అని ఏడిపించేవారు. పెద్దవాళ్ళేమన్నా తక్కువా? ఈ పిల్లను అనాథాశ్రమంలో వదిలెయ్యమని తల్లికి సలహా ఇచ్చారు. ఆ తల్లి వదల్లేదు. ఇల్లు గడవక ఉన్న కాస్త పొలమూ అమ్ముకున్నారు కానీ బిడ్డను బడి మాన్పించలేదు.

ఆ బడిలోనే ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగు చూశారు. తరువాత కోచ్ నాగపురి రమేష్ కంట పడింది. హైదరాబాద్ తీసుకెళ్ళి శిక్షణ ఇచ్చారు. మేధోలోపం ఉన్న క్రీడాకారులకు పారా పోటీల్లో టి20 అనే విభాగం ఉందని, వైద్య పరీక్షలు చేయించి ధ్రువీకరణ తెచ్చుకోవాలని ఆ ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? తెలిసినవాళ్ళు పూనుకొని చేయించారు.

2023 హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో 400 మీటర్లలో స్వర్ణం. ఆ బహుమతి డబ్బుతో మళ్ళీ పొలం కొన్నారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు. సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. అక్కడ స్వర్ణం గెలిచిన ఉక్రెయిన్ అమ్మాయి సమయం 55.16. అంటే కోబెలో పరుగెత్తినట్టే పరుగెత్తి ఉంటే స్వర్ణమే! పోనీయండి. మేధోలోపం ఉన్న మన దేశపు క్రీడాకారిణి పారాలింపిక్ పతకం తేవడం అదే మొదలు. అప్పటికి దీప్తికి ఇరవై ఒక్కటి నిండలేదు.

ఇది పేపర్లో చదివిన రోజు నాకు సంతోషం కంటే సిగ్గు ఎక్కువైంది. చాలా ఏళ్ళ కిందట నా తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. ఎక్కాలు రావు, పేరు రాయడం రాదు. వెనక బెంచీలో కూర్చోబెట్టాను. వాళ్ళమ్మ వచ్చి, "మాస్టారూ, మావాడికి ఏమన్నా వస్తుందంటారా?" అని అడిగింది. "చదువు రాదమ్మా, ఏదైనా పనిలో పెట్టండి" అన్నాను. మర్నాటి నుంచి వాడు రాలేదు. నా దగ్గర బి.ఇడి. పట్టా ఉంది. పిల్లల మనస్తత్వం మీద పరీక్ష రాసి పాసయ్యాను. వాడికి ఏది వచ్చో మాత్రం ఒక్కరోజూ చూడలేదు. మొన్నామధ్య పంక్చర్ షాపులో కనిపించి, నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. డబ్బులు తీసుకోలేదు.

మన ఉపకార వేతనం దరఖాస్తులో మార్కుల శాతం అడిగే గడి ఒకటుంది. ఇలాంటి పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. వాళ్ళ కాగితాలు వేరుగా తీసుకోమని కమిటీని కోరుతున్నాను. సదరం సర్టిఫికెట్ లేనివాళ్ళను క్యాంపుకు తీసుకెళ్ళడానికి ఒక మనిషి కావాలి. నా పేరు రాసుకోండి.