ఇంటర్ కెమిస్ట్రీ రైతు ఇంటి చదువే

(మన సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పదో తరగతి దాకా చదివినవాణ్ణి. వీడు కెమిస్ట్రీ గురించి చెప్పేదేంటని మీకు నవ్వు రావచ్చు. కానీ మనం ఏటా అప్పు చేసి బస్తాల్లో కొనుక్కొచ్చేది ఆ కెమిస్ట్రీనే.

రెండేళ్ల కిందట ఆఖరి దమ్ములో డీఏపీ, జింక్ సల్ఫేట్ కలిపి చల్లాను. ఒక్క కూలితో పని అయిపోతుందనుకున్నాను. నాటిన మూడు వారాలకు ఆకుల మీద తుప్పు మచ్చలు. దుకాణంలో అడిగితే ఇంకో మందు డబ్బా చేతిలో పెట్టారు. ఆ డబ్బులూ పోయాయి.

మా అమ్మాయి అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. "నాన్నా, జింకు, ఫాస్ఫేటు కలిస్తే జింక్ ఫాస్ఫేట్ అవుతుంది. అది నీళ్లలో కరగదు. కరగనిది వేరుకు ఎట్లా అందుతుంది?" అంది. ల్యాబులో చూశావా అని అడిగితే తల దించుకుంది. కాలేజీలో రికార్డు చూసి రాయించారు గానీ టెస్ట్ ట్యూబు ముట్టనివ్వలేదట.

ఆ సాయంత్రం ఒక గ్లాసులో డీఏపీ, ఇంకో గ్లాసులో జింక్ సల్ఫేట్ కరిగించి రెండూ కలిపాం. విరిగిన పాలలా తెల్లగా గడ్డకట్టి అడుక్కి దిగింది. అడుగున కూర్చున్నది నా పెట్టుబడి! ఈ రెంటికీ కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి.

ఇంటర్‌లో పిల్లలు చేసే లెక్కే ఇంకోటి వినండి. యూరియా అణుభారం 60. అందులో నత్రజని 28. అందుకే బస్తా మీద 46 శాతం అని ఉంటుంది. అంటే 45 కిలోల బస్తాలో మన పైరుకు పనికొచ్చే నత్రజని 20 కిలోల 700 గ్రాములు. 50 కిలోల డీఏపీ బస్తాలోనూ 9 కిలోల నత్రజని ఉంది. దాన్ని లెక్కలోంచి వదిలేసి మళ్లీ యూరియా కుమ్మరిస్తున్నాం. ఎక్కువైన నత్రజనికి పురుగొస్తుంది, దానికి మళ్లీ మందు.

పిల్లలు సాల్ట్ అనాలిసిస్‌లో అమ్మోనియం ఉందో లేదో పట్టే పద్ధతి కూడా మనకు పనికొస్తుంది. డీఏపీ గింజల్లో కాస్త సున్నం వేసి నలిపితే ముక్కు అదిరే ఘాటు రావాలి. రాకపోతే అనుమానించండి. వచ్చినంత మాత్రాన సరుకు పూర్తిగా మంచిదని కాదు, అది ల్యాబులో తేలాలి. బిల్లు దాచుకోండి. నమూనా తీయించమని వ్యవసాయాధికారిని అడగండి. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ఉన్నది అందుకే.

మన పిల్లలకు ఈ చదువు ఉంది. ఈఏపీసెట్ ర్యాంకు కోసం బట్టీ పట్టి, పరీక్ష కాగానే మరిచిపోతున్నారు. తప్పు పిల్లలది కాదు. ల్యాబు తాళం తీయని కాలేజీది, లెక్చరర్‌ను వేయని ప్రభుత్వానిది.

కాబట్టి ఎరువుల ధరల పక్కనే ఈ డిమాండు కూడా పెడదాం: పల్లెలకు దగ్గరున్న ప్రతి జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ ఉండాలి, ప్రాక్టికల్స్ నిజంగా జరగాలి. ఈలోపు మనం చేయగలిగింది ఒకటుంది. ఈ రాత్రి ఇంటికెళ్లి, ఇంటర్ చదివే మీ అబ్బాయినో అమ్మాయినో పిలిచి ఖాళీ బస్తా ముందు పెట్టండి. దాని మీద రాసింది చదివి చెప్పమనండి.

సెలవు.