సహాధ్యాయుల క్షేమవార్తలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉన్నత పాఠశాలలు తమ పూర్వ విద్యార్థుల కొఱకు పత్రికలు ప్రకటించుట చిరకాలముగా నున్న ఆచారము. ప్రధానాచార్యుని లేఖ, కొత్త భవనముల చిత్రములు, క్రీడా విజయముల వర్ణనలు ఆ పత్రికల ముందు పుటలలో నుండును. కాని పత్రిక చేతికి అందిన పాఠకుడు తఱచుగా మొదట తెఱచునది చివరి పుటలు. అక్కడ ‘క్లాస్ నోట్స్’ అను శీర్షిక క్రింద ఒక్కొక్క సంవత్సరపు తరగతివారి క్షేమవార్తలు వరుసగా అచ్చుపడి యుండును. ఎవరు ఎక్కడ నున్నారు, ఎవరికి వివాహమైనది, ఎవరికి సంతానము కలిగినది, ఎవరు గతించిరి - ఇంతే వాని విషయము. సాహిత్యమని ఎవరును అనని యీ నాలుగేసి పంక్తులలో ఒక తరము యొక్క జీవిత చరిత్ర ఇమిడి యున్నది. కేథలిక్ ప్రిపరేటరీ పాఠశాలలను, అందును జెసూయిట్ గురువులు నడుపు వానిని ఉదాహరణముగా గొని, ఈ క్షేమవార్తలు ఏమి చెప్పుచున్నవో, ఏమి చెప్పకున్నవో కొంత విచారింతము.

ప్రిపరేటరీ పాఠశాల యనగా విద్యార్థిని కళాశాలకు సిద్ధము చేయు పాఠశాల. పదునాలుగేండ్ల బాలుడుగా చేరి పదునెనిమిదేండ్ల యువకుడుగా వెలువడుట అక్కడి వాడుక. జెసూయిట్లు సామాన్య విద్యార్థుల కొఱకు తమ మొదటి పాఠశాలను 1548లో సిసిలీ ద్వీపమందలి మెస్సీనా పట్టణమున తెఱచిరి. అమెరికాలో వారి విద్యాలయములలో ప్రాచీనమైనది 1789లో నెలకొల్పబడిన జార్జిటౌను. దాని ప్రిపరేటరీ శాఖ 1919లో మేరీలాండు రాష్ట్రమునకు తరలినది. న్యూయార్కు నగరమున 84వ వీథిలో నున్న రీజిస్ ఉన్నత పాఠశాల 1914లో ఆరంభమైనది. ఆ నగరమునకు ఒకప్పుడు మేయరుగా నున్న వ్యక్తి భార్య, భర్త గతించిన పిదప, తన పేరు బయట పెట్టకుండ ఇచ్చిన ధనముతో ఆ పాఠశాల వెలసినది. అక్కడ విద్యార్థులవద్ద జీతము పుచ్చుకొనరు. పూర్వ విద్యార్థుల విరాళములు ఆ వ్యయమును భరించుటకు తోడ్పడుచున్నవి.

ఈ పాఠశాలలలో తరగతికి పేరు దానిని ముగించిన సంవత్సరమును బట్టి వచ్చును. అంటువ్యాధుల వైద్యశాస్త్రమున పేరుగన్న ఆంథొనీ ఫౌచీ రీజిస్ పాఠశాలలో 1958వ సంవత్సరపు తరగతివారు. తండ్రి బ్రూక్లినులో మందుల దుకాణము నడిపినవారు. కుమారుడు 1984 మొదలు 2022 వఱకు ఆ దేశపు అంటువ్యాధుల పరిశోధన సంస్థకు అధ్యక్షులుగా నుండిరి. ఇట్టివారి పేర్లు దినపత్రికలన్నిటిలోను కనబడును. క్లాస్ నోట్స్‌లో విశేషమేమనగా, లోకప్రసిద్ధునికిని, చిన్న యూరి బడిలో గణితము చెప్పువానికిని అక్కడ స్థలము ఇంచుమించు సమానమే.

ఈ వార్తలను కూర్చువాడు సాధారణముగా పాఠశాల ఉద్యోగి కాడు. తరగతివారిలో నొకడు కార్యదర్శిగా నుండి, మిత్రులకు ఉత్తరములు వ్రాసి, టెలిఫోను చేసి, వచ్చిన సమాచారమును సంగ్రహించి పత్రికకు పంపును. తొలి యేండ్ల వార్తలలో కళాశాలల పేర్లు నిండి యుండును. పిదప ఉద్యోగములు, వివాహములు, శిశువుల పేర్లు వచ్చును. నలువదవ యేట పదవులు పెరుగును. ఏబదింటికి ఆ శిశువులే అదే పాఠశాలలో చేరినారని తండ్రులు గర్వముతో వ్రాయుదురు. అఱువదింటికి ఉద్యోగవిరమణ, మనుమలు, మోకాలి శస్త్రచికిత్స. అటుపైన మరణవార్తలే హెచ్చగును. నవంబరు నెల కేథలిక్కులకు మృతులను స్మరించు మాసము గనుక, అనేక పాఠశాలలు ఆ నెలలో గతించిన విద్యార్థుల కొఱకు పూజ జరిపించును.

చాల పత్రికలలో పాత తరగతులు ముందు, కొత్త తరగతులు వెనుక నుండును. పాఠశాల విడిచిన యేట తన తరగతి పట్టిక చివర నుండును. ఏటేట వెనుక నొక కొత్త తరగతి చేరుచుండును. ముందున్న తరగతు లొక్కొక్కటే మాయమగుచుండును. తుదకు పట్టిక తెఱచినంతనే తన తరగతియే కనబడు దినము వచ్చును. అప్పటికి వార్త వ్రాయుటకు ఇరువురో మువ్వురో మిగిలి యుందురు.

ఈ శీర్షికలో నొక కొఱత కలదు. పదవి వచ్చినవాడు వ్రాయును. పదవి పోయినవాడు వ్రాయడు. వివాహమైనవాడు వ్రాయును, కాపురము చెడినవాడు ఊరకుండును. కుమారుడు పట్టభద్రుడైన తండ్రి వార్త పంపును. కుమారుడు ఇల్లు విడిచిపోయిన తండ్రి పత్రిక తెఱచి, ఇతరుల వార్తలు చదివి, మూసివేయును. అతనిని ఎవరును వెలివేయలేదు. చెప్పదగినది తనవద్ద లేదని అతడే తలంచి తొలగిపోవును. నిజమునకు స్నేహితుడు కావలసిన సమయమును అదే.

ఈ చిక్కు క్రొత్తది కాదు. జెసూయిట్ సంఘమునకు మూలపురుషులే సహాధ్యాయులు. ప్యారిస్ నగరమున సెంట్ బార్బ్ కళాశాలలో పీటర్ ఫేబర్, ఫ్రాన్సిస్ జేవియర్ ఒకే గదిలో నుండి చదువుకొనుచుండగా 1529లో ఇగ్నేషియస్ లొయోలా వారితో చేరెను. తరువాత ఫేబర్ జర్మనీకి పోయెను. జేవియర్ 1542 మే నెలలో గోవా చేరెను. ఇగ్నేషియస్ రోములో నిలిచెను. వారిని కలిపి యుంచినవి ఉత్తరములు. అయితే వచ్చిన లేఖను చూపుమని పలువురు అడుగుచుండిరి. నలుగురికి చూపదగినదియు, చూపరానిదియు ఒకే కాగితముపై నుండుటచే ఇగ్నేషియస్‌కు ఇబ్బంది కలిగెను. అందుచేత 1542 డిసెంబరులో ఆయన ఫేబరుకు ఒక పద్ధతి తెలిపెను. అందఱకు చూపదగిన విషయములను ప్రధాన లేఖలో వ్రాయవలెను. ఆరోగ్యము, ఇక్కట్లు, మనస్సులోని మాటలు వేఱు కాగితములపై వ్రాయవలెను. ప్రధాన లేఖను తాను ఒకమాఱు వ్రాసి, దిద్ది, మరల వ్రాయుచుంటినని కూడ ఆయన చెప్పెను.

నేటి క్లాస్ నోట్స్ ఆ ప్రధాన లేఖ వంటివే. దిద్ది వ్రాసిన మాటలు, చూపదగిన సంగతులు. అందు దోషము లేదు. అచ్చుపుటపై రోగమును, అప్పును ప్రకటింపుమని ఎవరిని కోరగలము? లోపమెక్కడ ననగా, ప్రధాన లేఖ మిగిలి, దానితో రావలసిన వేఱు కాగితము మానిపోయినది. ఇగ్నేషియస్ ఆ కాగితమును వద్దనలేదు; దానికి ప్రత్యేక స్థానము కల్పించెను.

జేవియర్ విషయము గమనింపుడు. ఐరోపానుండి ఆయనకు లేఖ అందుట కొఱకు ఓడలు నెలల తరబడి పయనింపవలసి యుండెను. 1546లో తూర్పు ద్వీపములలోని అంబోయినానుండి వ్రాయుచు ఆయన తెలిపిన సంగతి యిది: మిత్రుల ఉత్తరములనుండి వారి చేవ్రాళ్లను కత్తిరించి, తన వ్రతప్రమాణ పత్రముతో కలిపి, సదా ధరించుచుండెనట. వార్త పాతబడినను వ్రాసిన చేయి విలువ తగ్గలేదు.

1973 జులై 31న స్పెయిన్ దేశమున వలెన్సియా నగరములో, ఐరోపా జెసూయిట్ పాఠశాలల పూర్వ విద్యార్థుల మహాసభలో, సంఘాధిపతి పెడ్రో అరూపే ప్రసంగించిరి. పాఠశాలను, పూర్వ విద్యార్థులను పొగడుట ఇట్టి సభలలో మామూలు. అరూపే మిమ్ములను న్యాయము కొఱకు పెంచితిమా యని ప్రశ్నించి, లేదని తామే నిష్కపటముగా సమాధానము చెప్పిరి. ఇతరుల కొఱకు జీవించు మనుష్యులను తయారుచేయుటయే తమ విద్యకు లక్ష్యమనిరి. ఆ మాట పిదప జెసూయిట్ పాఠశాలలన్నిటికి ఆదర్శవాక్యమైనది. ఆ ‘ఇతరులు’ దూరదేశములలోని దరిద్రులే కానక్కఱలేదు. నాలుగేండ్లు ఒకే బల్లమీద కూర్చుండి, నేడు పత్రికలో పేరు కనబడని సహాధ్యాయుడును వారిలో నొకడే.

చిరునామా తెలియని విద్యార్థుల పట్టికలను ప్రకటించి, వారి జాడ తెలుపుడని కోరు పాఠశాలలు కలవు. అది మంచి పని. కాని మనుష్యుని చిరునామా తెలియుట వేఱు, ఆ మనుష్యుని స్థితి తెలియుట వేఱు. మంచి కార్యదర్శి ‘నీవు ఏమైతివి?’ అని అడుగడు, ‘నీవు ఎట్లున్నావు?’ అని అడుగును. మొదటి ప్రశ్నకు పదవియే సమాధానము. రెండవదానికి మాత్రమే మనుష్యుడు సమాధానము చెప్పగలడు. ఆ సమాధానము అచ్చునకు పనికిరాకపోవచ్చును. కార్యదర్శి దానిని తనవద్ద దాచుకొని, అవసరమైనచో ఇద్దఱు ముగ్గురు ఆప్తులకు మాత్రము తెలిపి, తోడ్పాటు సమకూర్చును.

మన దేశమునకు ఈ సంప్రదాయము అపరిచితము కాదు. విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల జెసూయిట్లు 1953లో నెలకొల్పినదే. అక్కడను, ఇతర విద్యాలయములలోను చదివిన తెలుగువారు నేడు దేశదేశములందున్నారు. పత్రిక అవసరము లేకయే, చేతి టెలిఫోనులోని వాట్సాప్ బృందములలో ఏబదిమంది పాత మిత్రులు దినమంతయు పలుకరించుకొనుచున్నారు. జన్మదినమునకు ఏబది శుభాకాంక్షలు నిమిషములలో చేరును. అయినను ఆ ఏబదిమందిలో సంవత్సరమంతయు నొక్క మాటయు పలుకనివా రెందఱో లెక్కించి చూడుడు. సాధనము మాఱినది; మౌనము మాఱలేదు.

1553 జూన్ 28న ఇగ్నేషియస్ రోమునుండి జేవియరుకు ఒక లేఖ వ్రాసి, ఐరోపాకు తిరిగి రమ్మని పిలిచెను. జేవియర్ అప్పటికి దాదాపు ఏడు నెలల క్రిందటనే, 1552 డిసెంబరు 3న, చైనా తీరమందలి షాంగ్‌చువాన్ ద్వీపమున గతించి యుండెను. ఆ కాలమున సముద్రము అడ్డము. మనకు అట్టి అడ్డము లేదు. కావున మీ తరగతి పట్టికలో చిరకాలముగా వార్త లేని పేరు ఒకటి యున్నచో, ఈ వారమే ఆ మిత్రుని పలుకరింపుడు. మీ విజయములను ముందు చెప్పకుడు. అతని క్షేమము అడిగి, అతడు చెప్పువఱకు ఓపికతో వినుడు.