మామిడి తోటలో గొర్రెల మేపు – విద్యుత్ కంచె
(రైతుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠము)



తోటలో గొర్రెలను నిలుపుట మనకు క్రొత్త సంగతి కాదు. వేసవిలో మందలు ఊరిమీదికి వచ్చినప్పుడు రాత్రికి ఇంతని మాట్లాడుకొని మంద కట్టించుకొనుట మన పెద్దలు ఎరిగిన పనియే. ఇప్పుడు కొందరు రైతులు తామే ఇరవై ముప్పది గొర్రెలను కొని, కాపరి అవసరము లేకుండ, విద్యుత్ కంచె నడుమ చెట్లక్రింద మేపదలచుచున్నారు. గడ్డి కోత ఖర్చు తగ్గును, ఎరువు తోటలోనే పడును. ఆలోచన మంచిదే. కాని తెలిసి చేయవలసిన పని ఇది.

మొదట మనిషి ప్రాణము సంగతి చెప్పెదను. మోటారు పెట్టెనుండి 230 వోల్టుల కరెంటును తిన్నగా తీగకు తగిలించువారు నేటికిని ఉన్నారు. అడవిపందుల బాధ పడలేక చేయుదురు. వారి బాధ నాకు తెలియును. అయినను అది కంచె కాదు, ఉరి. ఆ కరెంటు ఎడతెగక ప్రవహించుటచే కండరములు బిగిసి, పట్టుకొన్న చేయి విడువదు. తెల్లవారుజామున నీరు కట్టుటకు వచ్చిన పొరుగు రైతో, తీగ కట్టిన ఇంటివారి బిడ్డయో దానికి బలియగును. ఆ పని ఎన్నడును చేయవద్దు.

కంచెకు ఎనర్జైజర్ అను పెట్టెనే వాడవలెను. అందు వోల్టులు వేలలో ఉండును. ఇన్ని వోల్టులా అని భయపడనక్కరలేదు. ఆ కరెంటు సుమారు సెకనుకొకమారు, రెప్పపాటుకంటె చాల తక్కువ కాలము మాత్రమే కొట్టి ఆగును. ఆ విరామములో మనిషిగాని, గొర్రెగాని విడిపించుకొనగలరు. ప్రమాణ ముద్ర గల పెట్టెనే కొనుడు. ముళ్ళతీగకు మాత్రము దీనిని కలుపరాదు. చిక్కుకొన్న ప్రాణి ఊడి రాలేదు.

ఇక కంచె సరిగా కొట్టకున్న రైతు వెంటనే పెట్టెను నిందించును. చాలమారులు తప్పు పెట్టెది కాదు, ఎర్తుది. గొర్రె తీగను తాకినప్పుడు కరెంటు దాని కాళ్ళగుండ నేలలోనికి దిగి, ఎర్తు కడ్డీద్వారా పెట్టెకు తిరిగి చేరవలెను. ఏప్రిల్, మే నెలలలో మన ఎర్రనేలలు ఇటుకవలె ఎండును. అప్పుడు తీగలో ఎంత బలమున్నను గొర్రెకు చీమ కుట్టినట్లే ఉండును. కావున ఆరడుగుల గాల్వనైజ్డు కడ్డీలను మూడింటిని, ఒకదానికొకటి పదడుగుల దూరమున, తేమ నిలుచు చోట దింపవలెను. నీటి తొట్టి దగ్గర, బోరు కాలువ ప్రక్కన అయిన మేలు. ఇంటి ఎర్తుకు, మోటారు ఎర్తుకు దీనిని కలుపరాదు. వానికి ముప్పదిమూడు అడుగులకు తక్కువ కాకుండ దూరముంచుడు. నేల మరీ పొడి అయినచో తీగలలో ఒకదానిని విడిచి ఒకదానిని ఎర్తుకు కలుపుడు. గొర్రె మూతి రెండింటిని తాకిన చాలు, నేలతో పని లేకుండ దెబ్బ తగులును.

ఎర్తు పరీక్ష సులభము. పెట్టెకు వంద మీటర్ల ఆవల ఇనుప కడ్డీలను కంచెకు ఆనించి నేలకు కలిపి, వోల్టులు 2000కు లోపు పడునట్లు చేయుడు. తరువాత చివరి ఎర్తు కడ్డీమీద మీటరు పెట్టి చూడుడు. అచ్చట 300 వోల్టులకు మించి కనిపించిన ఇంకొక కడ్డీ దింపవలసియున్నదని అర్థము.

వానలు పడగానే మరొక తంటా. గడ్డి పెరిగి అడుగు తీగను తాకును, తీగజాతి మొక్కలు గుంజలకు ప్రాకును, ఇన్సులేటరు పగులును. ప్రతి ఆకు కొంత కరెంటును త్రాగివేయును. రోజుకొకమారు కంచె చివర మీటరు పెట్టి చూచుట అలవాటు చేసికొనుడు. 3000 వోల్టులకు తగ్గినచో వెదకవలసినదే. పాత ట్రాన్సిస్టరు రేడియోను మీడియం వేవులో, స్టేషను లేని చోట పెట్టి కంచె వెంట నడచినచో, కరెంటు కారుచున్న చోట టిక్కు టిక్కుమను శబ్దము పెద్దదగును. మూలబడిన రేడియోకు ఇదొక ఉద్యోగము!

క్రొత్త గొర్రెలను తిన్నగా తోటలోనికి తోలరాదు. గట్టి దడి లోపల తీగ కట్టి రెండు మూడు రోజులు అలవాటు చేయవలెను. మూతికి దెబ్బ తగిలిన గొర్రె వెనుకకు పోవును. పరుగున వచ్చి ఒంటికి తగిలించుకొన్నది మాత్రము ముందుకే దూకును. నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, వెంట్రుకయే. దక్కనీ గొర్రెకు ఉన్ని అడ్డుపడును, కనుక దానికి ఈ శిక్షణ మరింత ముఖ్యము.

చెట్ల విషయము. లేత మొక్కల తోటలో గొర్రెలను విడువరాదు. నెల్లూరు గొర్రె పొడవైన జాతి, కొమ్మలు దానికి అందును. ముదురు చెట్లక్రిందనైనను మేత తరిగినప్పుడు బెరడు గీకును. కావున బెరడుమీద పండ్లగుర్తు కనబడిన నాడే మందను ప్రక్క మడికి మార్చుడు. ఒక్కొక్క మడిలో నాలుగైదు రోజులకంటె ఉంచకున్న నులిపురుగుల బాధ కూడ తగ్గును. రాలిన పండ్లను ముందుగా ఏరివేయవలెను. ఆకలితో ఉన్న గొర్రె వానిని మెక్కిన పొట్టలో పులుపెక్కి చచ్చును.

అన్నిటికంటె మరుగున ఉన్న ప్రమాదము మైలుతుత్తము. బంక కారు తెగులుకు, కొమ్మ ఎండు తెగులుకు మనము బోర్డో పేస్టు పూయుదుము, బోర్డో మిశ్రమము చల్లుదుము. అందలి రాగి గొర్రెకు విషము. పశువులు ఓర్చుకొనునంత రాగిని గొర్రె ఓర్వలేదు. అది దాని కాలేయములో వారాలకొలది, నెలలకొలది చేరుచుండును. అంతవరకు గొర్రె నిక్షేపముగా కనిపించును. ఒకనాడు అలసటయో, దూర ప్రయాణమో తగులగానే ఆ రాగి ఒక్కసారిగా నెత్తురులోనికి దిగును. కండ్లు పసుపగును, మూత్రము నల్లటి ఎరుపుగా వచ్చును, ఒకటి రెండు రోజులలో చచ్చును. రైతు పామో, గాలివాటమో అనుకొనును.

కావున పేస్టు పూసిన మొదళ్ళను గొర్రె నాకకుండ దడి కట్టుడు. మిశ్రమము చల్లిన మడిలోని గడ్డి మంచి వానలకు కడిగి, క్రొత్త చిగురు వచ్చువరకు మేపకుడు. పురుగుమందులకు డబ్బామీద వ్రాసిన గడువు పాటించుడు. పశువుల కొరకు అమ్ము ఖనిజ లవణ మిశ్రమమును గొర్రెలకు పెట్టరాదు, అందులోను రాగి ఉండును. గొర్రెలకు వేరుగా చేసినదే అడిగి తెచ్చుకొనుడు. పసుపెక్కిన కన్ను కనబడినచో ఆ పూటనే మందను తోటనుండి బయటికి తోలి, పశువైద్యుని పిలిచి, ఎప్పుడు ఏ మందు చల్లితిరో ఆయనకు దాచక చెప్పుడు.