ముసలి కళ్ళకు మంచి దుర్భిణి
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుండి డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి చాలా విన్నారు. భోజనాల ముందు కాస్త వేరే విషయం చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేనూ మా ఆవిడా కొలరాడోలో అమ్మాయి దగ్గర ఐదు నెలలుండి వచ్చిన సంగతి మీకు తెలుసు. అక్కడ పక్కింటాయన ఒక దుర్భిణి కొన్నారు. అక్కడివాళ్ళు దాన్ని స్పాటింగ్ స్కోపు అంటారు. ఆ కొనుగోలులో నేను కూడా ఓ చెయ్యి వేశాను. సర్వేలో ముప్ఫై రెండేళ్ళు థియోడొలైటుకూ డంపీ లెవెల్‌కూ కన్ను ఆనించి బతికినవాణ్ణి కదా, అద్దాల మాట వస్తే ఊరుకోలేను.

ఆయన వయస్సు 67. కరెంటు లైన్ల మీద పనిచేసి రిటైరయ్యారు. వేట ఆయన అలవాటు. మనలో చాలామందికి ఆ మాట నచ్చదని తెలుసు. మన దేశంలో 1972 చట్టం ప్రకారం వేట నేరమే. అక్కడ అది లైసెన్సుతో, లెక్కతో నడిచే వ్యవహారం. ఏ ప్రాంతంలో, ఏ తేదీల మధ్య, ఏ జంతువును కొట్టవచ్చునో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. మంచి ప్రాంతాలకు ఏటా దరఖాస్తు పెట్టుకొని ఎదురుచూడాలి. కొట్టినదాని మాంసం వృథా చేస్తే శిక్ష, అమ్మితే శిక్ష. ఈయన ఒక ప్రాంతానికి పదకొండేళ్ళు దరఖాస్తు పెడితే ఆ సంవత్సరం అనుమతి వచ్చింది. ఎల్క్ అనే పెద్ద దుప్పికి. మగది మూడు వందల కిలోల పైచిలుకు ఉంటుంది.

వేటలో దుర్భిణికేమి పని అంటారా? అక్కడ చాలా ప్రాంతాలలో మగ ఎల్క్‌ను కొట్టాలంటే ఒక కొమ్ముకైనా కనీసం నాలుగు శాఖలుండాలి, లేదా నుదుటి దగ్గరి శాఖ ఐదు అంగుళాలకు తగ్గకూడదు. మూడు శాఖలవాటిని కొడితే కేసు. ఆ జంతువేమో లోయకు అవతలి కొండ మీద, మైలు దూరంలో, చెట్ల నీడలో నిలబడి ఉంటుంది. దగ్గరకు పోయి లెక్కపెడదామంటే పది పన్నెండు వేల అడుగుల ఎత్తున ఒక లోయ దిగి మరో కొండ ఎక్కాలి. సగం రోజు పడుతుంది. తీరా పోయాక మూడే శాఖలని తెలిస్తే? అరవై ఏడేళ్ళ మోకాళ్ళు అలాంటి పొరపాట్లు ఎన్ని భరిస్తాయి? అందుకని కూర్చున్నచోటి నుండే లెక్క తేల్చుకోవాలి.

ఇక బేరం సంగతి. ఆయన మనసు 85 మిల్లీమీటర్ల అద్దం ఉన్న పెద్ద దుర్భిణి మీద ఉంది. ఆస్ట్రియా దేశపు స్వరోస్కీ వారిది, అప్పట్లో నాలుగు వేల డాలర్ల ప్రాంతం. అదే కంపెనీ 2022లో ఏటీసీ అని 56 మిల్లీమీటర్లది, 17 నుండి 40 రెట్లు చూపేది, చిన్నది తెచ్చింది. జపాను కంపెనీ కోవా వారిది 55 మిల్లీమీటర్లది ఒకటుంది, 15 నుండి 45 రెట్లు, దాంట్లో ఫ్లోరైట్ స్ఫటికంతో చేసిన కటకం ఉంటుంది. చిన్నవి రెండూ అప్పట్లో రెండు వేల డాలర్లకు అటూ ఇటూ. (కోవా అంటే పాలకోవా కాదు. నగోయా నగరంలో 1894లో బట్టల వ్యాపారంగా మొదలైన కంపెనీ. మనలో కొందరు కొలెస్ట్రాల్‌కు వేసుకునే పిటవాస్టాటిన్ మాత్రను అమెరికాలో అమ్మినదీ వీరే.)

ఆయన భార్య ఒకే ప్రశ్న వేసింది. "ఈ వయసులో ఇంకెన్నిసార్లు వెళ్తావు?" ఆయన "అందుకే" అన్నారు. ఆమె మరి మాట్లాడలేదు. కారుకు టైర్లు మార్చాలని మాత్రం గుర్తుచేసింది.

ఇక్కడ కాస్త లెక్క చెప్తాను, విసుక్కోకండి. అద్దం వ్యాసాన్ని ఎన్ని రెట్లు పెద్దగా చూస్తున్నామో దానితో భాగిస్తే, దుర్భిణి నుండి మన కంటికి వచ్చే వెలుగు బిందువు వెడల్పు వస్తుంది. 85ని 30తో భాగిస్తే సుమారు 2.8 మిల్లీమీటర్లు. 55ను 30తో భాగిస్తే 1.8. కాబట్టి ఒకే రెట్లలో చూస్తే పెద్దదానిలోనే వెలుగు ఎక్కువ, సందేహం లేదు. కానీ చిన్నదాన్ని 20 రెట్లకు తగ్గిస్తే? అదీ 2.75కు వస్తుంది. మైలు దూరంలోది 20 రెట్లలో 80 మీటర్ల దగ్గరున్నట్టు కనిపిస్తుంది. మసక వెలుతురులో కొమ్ముల సంగతి చూచాయగా తెలుసుకోవడానికి అది చాలు. వెలుగు పెరిగాక 40కి పెంచి శాఖలు లెక్కపెట్టుకోవచ్చు.

వేటకు చట్టం ఇచ్చిన సమయం సూర్యోదయానికి అరగంట ముందు మొదలై, అస్తమయం తరువాత అరగంటకు ముగుస్తుంది. జంతువులు బయటికి వచ్చేదీ ఆ అంచులలోనే. ఖరీదైన అద్దానికి మనం డబ్బు కట్టేది ముఖ్యంగా ఈ రెండు అరగంటల కోసం. మిట్టమధ్యాహ్నం రెండు వందల డాలర్ల దుర్భిణిలోనూ కొండ కనిపిస్తుంది. పైగా ఆ వేళ 60 రెట్లు పెడితే నాలుగు వేలదైనా కనిపించేది ఎండమావే. కాలువ గట్ల మీద మే నెలలో లెవెల్ పట్టిన మిత్రులకు ఇది చెప్పనక్కరలేదు. పన్నెండు దాటితే స్టాఫ్ మీద అంకెలు నీళ్ళలో ఉన్నట్టు ఆడేవి. ఎంత మంచి పరికరమైనా గాలి ఆడితే ఆడవలసిందే.

తరువాత బరువు. పెద్ద దుర్భిణి సుమారు రెండు కిలోలు. దాన్ని కదలకుండా నిలబెట్టాలంటే స్టాండు మరో రెండు కిలోలు. చిన్నది కిలో లోపు, దానికి కిలో స్టాండు చాలు. తేడా రెండు కిలోలు. ఇంట్లో కూర్చొని వింటే ఏముంది అనిపిస్తుంది. గుడారం, పడక, ఐదు రోజుల తిండి, తుపాకి అన్నీ కలిసి ఇరవై కిలోలు దాటిన మూటతో కొండెక్కేవాడికి రెండు కిలోలంటే రెండు లీటర్ల నీళ్ళు. స్టాండు దగ్గర మిగుల్చుకుందామనుకొనేవారూ ఉన్నారు. అది తగదు. 40 రెట్లలో చిన్న వణుకు కూడా 40 రెట్లవుతుంది. దుర్భిణికి డబ్బంతా పోసి పుల్లల స్టాండు మీద పెడితే గాలికి ఊగే కొమ్మ తప్ప కొమ్ములు కనపడవు.

దుకాణంలో దీపాల కింద చూస్తే అన్నీ బాగానే కనిపించాయి. అందుచేత సాయంత్రం రమ్మన్నారా అని కుర్రవాణ్ణి అడిగాము. ఆ అబ్బాయి మర్యాదస్తుడు. దుకాణం మూసే వేళ రెండింటినీ స్టాండ్లతో సహా బయట పెట్టాడు. పక్కింటాయన తన పాత వృత్తి ప్రకారం దూరంగా ఉన్న హైటెన్షన్ టవరు మీద ఇన్సులేటర్ల బిళ్ళలు లెక్కపెట్టారు. నేను ఆకాశానికి ఎదురుగా ఉన్న ఎండుపుల్లల అంచులు చూశాను. తక్కువ రకం అద్దంలో ఆ అంచులకు ఊదా, పచ్చ రంగు చార కనిపిస్తుంది. ఆ రెండింటిలోనూ దాదాపు లేదు. చీకటి పడేకొద్దీ పెద్దదానిలో బిళ్ళలు మరో ఏడెనిమిది నిమిషాలు ఎక్కువసేపు కనిపించాయి. ఆ ఏడెనిమిది నిమిషాలకే రెండు వేల డాలర్లు, రెండు కిలోలు.

మనవంటివారు గమనించవలసినవి మరి రెండున్నాయి. కళ్ళద్దాలతో చూసేవారు, అద్దం తీయకుండానే పూర్తి వలయం కనిపిస్తోందా లేదా అని స్వయంగా చూసుకోవాలి. మెడనొప్పి ఉన్నవారు కన్ను ఆనించే భాగం వంగి ఉన్న రకాన్నే తీసుకోవాలి. నిటారు రకంలో లక్ష్యం త్వరగా దొరుకుతుంది గానీ గంటసేపు చూస్తే మెడ పట్టేస్తుంది. ఇక వయసు మీదపడితే చీకట్లో కంటిపాప పడుచువారిలా విప్పారదు. శుక్లం ఉంటే వెలుగు మరీ తగ్గుతుంది. నాకు ఆపరేషన్ అయింది, ఆయనకు కాలేదు. అదే సాయంత్రం అదే దుర్భిణిలో నాకు కనిపించిన బిళ్ళ ఆయనకు కనిపించలేదు. ముందు కంటి డాక్టరును చూడమని చెప్పాను. వెళ్ళారు.

చివరకు చిన్నదే కొన్నారు, 55ది. మిగిలిన డబ్బులో టైర్లు వచ్చాయి.

మేము తిరిగొచ్చాక అక్టోబరులో ఆయన కొండకు వెళ్ళారు. కబురు అల్లుడు ఫోనులో చెప్పాడు. మూడో రోజు తెల్లవారుజామున ఎదుటి కొండ మీద ఒక మగ ఎల్క్ నిలబడిందట. కనిపించే కొమ్ముకు మూడు శాఖలు, నుదుటి శాఖ పొట్టిది. రెండో కొమ్ము చెట్టు చాటున ఉంది. నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నారు. అది తల తిప్పింది. అటూ మూడే. ఆయన స్టవ్ వెలిగించి కాఫీ పెట్టుకున్నారట. ఆ యాత్రలో మరొకటి కనపడలేదు. పదకొండేళ్ళ అనుమతి అలా అయిపోయింది. మళ్ళీ దరఖాస్తు పెట్టారని అల్లుడన్నాడు.

కొత్తది వచ్చింది కాబట్టి తన పాత 60 మిల్లీమీటర్ల దుర్భిణిని మేము బయలుదేరే ముందే నాకిచ్చేశారు. దానితో నేను ఉప్పలపాడు చెరువు మీద గూడబాతులను చూసొచ్చాను, నేలపట్టు కూడా వెళ్ళాలని ఉంది. దాన్ని వరండాలో స్టాండు మీద పెట్టాను. భోజనాలయ్యాక చూడదలచినవారు రావచ్చు. కళ్ళద్దాలు తీయవద్దు, స్టాండును పట్టుకోవద్దు. సెలవు.