పేరుల చిట్టాకు ద్వారము లెన్ని?

సికింద్రాబాదు రైలు స్టేషనునకు పోయివచ్చినవారికి ఒక సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. స్టేషను ఒక్కటియే, దాని చిరునామాయు నొక్కటియే. కాని టిక్కెట్టు కొనుట కొక కిటికీ, ముందుగా స్థలము నిలుపుకొనుట కొక కిటికీ, పార్సెలు పంపుట కొక చోటు, బండ్ల వేళలు తెలిసికొనుట కింకొకటి. ఒక్కొక్కదానిమీద ఒక్కొక్క అంకె వ్రాసియుండును. పార్సెలు కిటికీకడ నిలిచి బండి వేళ నడిగినవానికి సమాధానము దొరకదు. ఈ మాట మనసున నుంచుకొన్న, నేటి ప్రసంగవిషయము సగము తెలిసినట్లే.

నేడు బ్యాంకులయందును, ఆసుపత్రులయందును, కళాశాలలయందును, ప్రభుత్వ కార్యాలయములయందును పని కంప్యూటర్లమీద సాగుచున్నది. వందలకొలది ఉద్యోగులున్నచోట ఎవరెవరు పనిచేయుచున్నారు, ఎవరి హోదా యెట్టిది, ఎవరికి ఏ కాగితము చూచు నధికారము గలదు అను వివరములన్నియు నొక్క చిట్టాయం దుండవలయును. ఆ చిట్టాను కాపాడి, అడిగినవారికి సమాధానము చెప్పు కంప్యూటరునకు డైరెక్టరీ సర్వరని పేరు. పూర్వము గ్రామమున పట్వారిగారి దస్త్రమెట్టిదో, కార్యాలయమున కిది యట్టిది. దస్త్రము పదిలముగా నున్నంతకాలము హక్కులును పదిలము. అది పరుల చేత బడినచో ఎవరి పొలము ఎవరి పేర నెక్కునో చెప్పజాలము.

కంప్యూటర్లు ఒకదానితో నొకటి మాటలాడునపుడు ప్రతిదానికి నొక చిరునామా యుండును. ఆ చిరునామాకడ, స్టేషను కిటికీలవలె, సంఖ్యలుగల ద్వారము లుండును. వీనిని పోర్టు లందురు. పోర్టన నోడరేవని మన మెఱుగుదుము. ఇచట ద్వారమని గ్రహించిన చాలును. ఇవి కంటికి గోచరించు ద్వారములు కావు. వచ్చు సందేశము ఏ పనికి సంబంధించినదో తెలుపుటకై దానిమీద వ్రాయు అంకెలు. 0 మొదలు 65,535 వఱకు ఈ సంఖ్యలు గలవు. అందు మొదటి 1,024 లోకమంతట వాడుకలోనున్న పనులకై ప్రత్యేకింపబడినవి. చాలకాలము ఈ సంఖ్యల పట్టికను నిర్వహించినవాడు అమెరికా దేశీయుడగు జాన్ పోస్టెల్. ఆయన 1998లో కాలధర్మము నొందెను. ఇక ప్రోటోకాలన సంభాషణ క్రమము. టిక్కెట్టు కిటికీకడ ఊరిపేరు, తరగతి, మనుష్యుల సంఖ్య వరుసగా చెప్పినట్లు, ప్రతి ద్వారముకడను మాటలాడుట కొక నియమము గలదు.

ఇపుడు డైరెక్టరీ సర్వరు ద్వారములను వరుసగా చూతము.

మొదటిది 53. ఉద్యోగి తన కంప్యూటరును తెఱవగనే అది, “మా చిట్టాను కాపాడు సర్వరెక్కడ?” అని అడుగవలసి యుండును. పేరు చెప్పిన చిరునామా చెప్పు కిటికీ యిది. ఈ పద్ధతిని 1983లో పాల్ మొకపెట్రిస్ అను నాతడు కల్పించెను. ఈ కిటికీ చాలచోట్ల డైరెక్టరీ సర్వరునందే యుండును. వేఱొక కంప్యూటరునందు నుండవచ్చును.

రెండవది 389. చిట్టాను చదువుటకును, అందు మార్పులు వ్రాయుటకును ఇదియే ముఖ్యద్వారము. ఇచటి సంభాషణ క్రమమునకు ఎల్.డి.ఏ.పి. అని పేరు. 1988లో అంతర్జాతీయ తంతి, టెలిఫోను సంఘమువారు ఇట్టి చిట్టాలకై ఎక్స్.500 అను పెద్ద పద్ధతిని వెలువరించిరి. ఆ కాలపు చిన్న కంప్యూటర్లకు దాని బరువు మోయరానిదయ్యెను. అందుచేత 1993లో టిమ్ హౌస్, స్టీవ్ కిల్లె, వెంగ్యిక్ యోంగ్ అను మువ్వురు తేలికయగు పద్ధతిని ప్రకటించిరి. ఆ పేరులోని మొదటి యక్షరము ఈ తేలికతనమునకే గుర్తు. ఈ చిట్టాలో మొదట మనుష్యుని పేరు, పిమ్మట శాఖ, ఆ పిమ్మట సంస్థ, తుదకు దేశము అను వరుస గలదు. మనము పోస్టుకార్డుమీద చిరునామా వ్రాయు వరుసయు నిట్టిదే.

పోస్టుకార్డు పోలిక మఱియొక విధమునను సరిపోవును. ప్రత్యేకమైన యేర్పాటు చేయనిచో 389వ ద్వారమున మాటలు మఱుగులేకయే పోవును. ఉద్యోగి తన రహస్యపదము నట్లు పంపినయెడల, దారిలో పొంచియున్నవాడు కార్డు చదివినట్లు దానిని చదువగలడు. ఆ పదముతో ఆ యుద్యోగి పేరనే లోనికి ప్రవేశింపగలడు. ఇందులకై 636 అను మఱియొక ద్వారము గలదు. అచట సంభాషణ యంతయు అంటించిన కవరులో జాబువలె గూఢలిపిలో సాగును. 389వ ద్వారముననే పలుకరింపు చేసి, వెంటనే గూఢలిపికి మాఱు పద్ధతియు గలదు. ఏదియైనను రహస్యపదము విప్పియున్న కార్డుమీద పోరాదు.

మూడవది 88. దీనిని వివరించుటకు సికింద్రాబాదు వారికి చేరువనున్న విద్యయే యొకటి సాయపడును. ఇచట తార్నాకయందు రైల్వే సిగ్నలు, టెలికమ్యూనికేషను ఉద్యోగులకు శిక్షణ నొసగు సంస్థ 1957లో నెలకొల్పబడినది. సిగ్నలు విద్యలో టోకెను పద్ధతి మిక్కిలి ప్రసిద్ధము. ఒంటి పట్టాల దారిలో స్టేషనుమాస్టరు డ్రైవరునకు ఒక లోహపు గోళము నందించెడివాడు. అది చేత నున్నవాడే ముందరి స్టేషను వఱకు బండిని నడుపవలయును. గోళము లేనివాడు ఎంత పెద్ద యుద్యోగి యైనను ఆ దారిలో నడుగిడరాదు. 88వ ద్వారముకడ కెర్బెరాస్ అను పద్ధతి చేయుపనియు నిట్టిదే. ఉద్యోగి తన రహస్యపదమును దారివెంట పంపకయే తా నెవ్వడో రుజువు చేసికొనును. సర్వరు గడువుగల టిక్కెట్టు నొసగును. పిమ్మట ప్రతి శాఖలోను టిక్కెట్టు చూపిన చాలును. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున పుట్టిన ఈ పద్ధతికి, పాతాళద్వారమును కాచు మూడుతలల గ్రీకు శునకము పేరు పెట్టిరి. యముని వాకిట శ్యామ శబలములను శునకములను గూర్చి విన్న మనకు ఈ పేరు వింత గొలుపదు.

టిక్కెట్టునకు గడువున్నది గనుక గడియారములు కలిసియుండవలయును. మైక్రోసాఫ్టువారి డైరెక్టరీలో సాధారణముగా 5 నిమిషములకు మించి తేడాయున్న, టిక్కెట్టు చెల్లదు. కాలము సరిచూచుకొను ద్వారము 123. రహస్యపదమును మార్చుకొను ద్వారము 464.

2000లో వెలువడిన మైక్రోసాఫ్టువారి యాక్టివ్ డైరెక్టరీకి మఱికొన్ని ద్వారములు గలవు. సంస్థకు పెక్కు శాఖలున్నపుడు అన్నిటి చిట్టాల సారాంశమును 3268వ ద్వారమున చూడవచ్చును. దానినే గూఢలిపిలో చూచుటకు 3269. ఇక 135 విచారణ కిటికీవంటిది. “నీ పని నేడు ఫలానా సంఖ్యకడ” అని యది పంపివేయును. ఆ సంఖ్య 49,152 మొదలు 65,535 లోపల నుండును. కార్యాలయపు నియమములుగల పత్రములు 445వ ద్వారమున అందజేయబడును.

ఈ 445 చేసిన కీడు తెలుగువారి కనుభవములోనికి వచ్చినది. ఈ ద్వారమున మాటలాడు పాత పద్ధతిలో నొక లోపముండెను. 2017 మార్చి 14న మైక్రోసాఫ్టువారు దానికి మరమ్మతును ప్రకటించిరి. పెక్కుమంది దానిని చేయించుకొనక యుపేక్షించిరి. మే 12న వానాక్రై అను దుష్ట సాధనము ఆ ద్వారముగుండ నొక కంప్యూటరునుండి వేఱొకదానికి తనంతతానే ప్రాకి, దస్త్రములను గూఢలిపిలోనికి మార్చి, విడుదలకు సొమ్ము కోరెను. 150 దేశములలో దీని తాకిడి కనబడినది. ఇంగ్లండులో ఆసుపత్రుల చికిత్సలు నిలిచిపోయినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని దీని వాత బడినవి. కార్యాలయము లోపలివారి కొఱకు పెట్టిన ద్వారము వీధివైపునకు తెఱచియుండుటయు, మరమ్మతు చేయకుండుటయు కలిసి యింత పని చేసినవి.

అట్లని అన్ని ద్వారములను మూసివేయుటయు తెలివిగాదు. 53 మూసిన, సర్వరెక్కడనో తెలియక కంప్యూటర్లు దారితప్పును. 88 మూసిన, ఉదయమున వచ్చిన గుమాస్తాకు టిక్కెట్టు దొరకక పని నిలుచును. కిటికీముందు పింఛనుకై నిలిచిన వృద్ధుడు వట్టిచేతులతో మరలవలసి వచ్చును. కావున ఏ ద్వారము ఎవరికొఱకో యెఱిగి, వారికి మాత్రమే తెఱచుట నేర్పు. కార్యాలయమునకును బయటి యింటర్నెట్టునకును నడుమ ఫైర్‌వాల్ అను కావలి నుంచుట యిందుకే.

ఇది యింజనీర్ల పని, మన కేల యని పెద్దలు తలపవచ్చును. సహకార సంఘములలోను, పాఠశాల సంఘములలోను మీలో పలువురు సభ్యులు. అచట కంప్యూటర్ల కొఱకు సొమ్ము మంజూరు చేయునపుడు మూడు ప్రశ్న లడుగుడు. మన చిట్టా ద్వారములలో వీధివైపునకు తెఱచియున్నవి యేవి, ఎందుకు? రహస్యపదములు కార్డుమీద పోవుచున్నవా, కవరులో పోవుచున్నవా? మరమ్మతులు వెలువడిన పిమ్మట ఎన్ని దినములకు చేయుచున్నారు? వీనికి వెంటనే సమాధానము చెప్పువాడు పని తెలిసినవాడు. తడబడినచో సమాధానము తెచ్చువఱకు బిల్లుమీద సంతకము చేయకుడు. పట్వారి దస్త్రముమీద మన తాతలు కన్ను వేసియుంచిరి. ఈ దస్త్రముమీదను మన మట్లే కన్ను వేసియుండవలయును.

ఇంతటితో ముగించుచున్నాను. సెలవు.