పాత కంపైలరు, క్రొత్త కెర్నెలు



కంప్యూటరున సమస్త కార్యములను నడపు మూలవ్యవస్థకు కెర్నెలని పేరు. ఆ మాటకు గింజయని యర్థము. ఫిన్లండు దేశపు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ 1991వ సంవత్సరమున నారంభించిన లినక్సు అట్టి గింజయే. దాని మూలపాఠ మెల్లరకును లభ్యము. వలయువారు తెచ్చుకొని తమ యంత్రమునకు దగినట్లు నిర్మించుకొనవచ్చును.

ఆ పాఠము ప్రధానముగా 'సి' యను భాషలో నున్నది. యంత్రమునకు సి రాదు, అంకెలే వచ్చును. నడుమనున్న దుబాసియే కంపైలరు. ఈ పనికి 1987లో వెలువడిన జి.సి.సి. మిక్కిలి ప్రసిద్ధము.

మూలపాఠము ఏటేట మారుచుండును, దుబాసి మాత్రము పాతవాడే యుండును. చిక్కంతయు నచ్చటనే. ప్రాచీన కావ్యములనే చదివిన వ్యాఖ్యాత చేతికి నేటి వార్తాపత్రిక నిచ్చినచో తెలియని పదముకడ నాగిపోవును గదా! 2021లో వెలువడిన 5.15వ కెర్నెలునకు జి.సి.సి. 5.1 అయినను ఉండవలెను. 2014 నాటి సెంటాస్ 7తో వచ్చినదో 4.8 మాత్రమే. 2025లో వచ్చిన 6.16వ కెర్నెలు 8.1కి తక్కువైన దానిని అంగీకరింపదు.

నిర్మాణము నిలిచినపుడు తెరపై వందలకొలది పంక్తులు పరుగులెత్తును. మన పిల్లలు కట్టకడపటి పంక్తిని చూచి కలవరపడుదురు. అది 'చెడినది' అని మాత్రమే చెప్పును. ఎందుకు చెడినదో చెప్పునది మొదటి దోషపంక్తి. పెక్కు పనులు ఏకకాలమున నడచుచుండినచో ఆ పంక్తి గుంపులో మరుగుపడును గావున, ఒక్కొక్క పనిగా మరల నడిపించి చూడవలెను. క్రొత్త కెర్నెళ్లు 'కంపైలరు మిక్కిలి పాతది' యని స్పష్టముగా పలికి, ఉన్న సంఖ్యను, ఉండవలసిన సంఖ్యను చూపును.

కొందరు తెలివిగలవారు ఆ పరీక్షనే చెరిపివేసి ముందునకు సాగుదురు. ఇది గడియ విరుగగొట్టి లోనికి దూరుట వంటిది. ఆర్మ్ జాతి 64 బిట్ల యంత్రములలో నేమి జరిగినదో వినుడు. 5.1కి పూర్వపు జి.సి.సి., భోజనము ముగియకమున్నే విస్తరి నెత్తివేసినట్లు, చదువవలసిన విలువ యింకను మిగిలియుండగనే స్మృతిలోని చోటును విడిచిపెట్టెడిది. ఆ క్షణముననే వేరొక పని యడ్డువచ్చి ఆ చోటును వాడుకొనినచో విలువ చెడిపోవును. నిర్మాణమున దోషమేమియు కానరాదు. నడచుచున్న యంత్రమున ఎప్పుడో యొకప్పుడు దస్త్రముల సరిచూపు లెక్క తప్పును. 2021 ఆదిలో దీని మూలము తెలియవచ్చిన పిమ్మట ఆ యంత్రములకు కనీసపు సంఖ్యను 4.9 నుండి 5.1కి పెంచిరి. మొఱపెట్టి నిలిచిపోవు కంపైలరుకంటె మాటాడక తప్పు చేయు కంపైలరే భయంకరమని నా యభిప్రాయము.

కావున క్రొత్త కంపైలరును తెచ్చి పాతదాని ప్రక్కన నుంచవలెను. పాతదానిని పెరికివేయ బనిలేదు. దానిపై నాధారపడిన యితర కార్యము లుండవచ్చును. నిర్మించునపుడు 'సి.సి.' యను పేరిట క్రొత్తదానిని చూపిన చాలును. అంతకుముందు పాత కంపైలరు చేసిన శకలములను తుడిచివేయుట మేలు. 'మేక్ క్లీన్' అనిన శకలములే పోవును. 'మేక్ ఎమ్మార్ ప్రాపర్' అనినచో వానితోకూడ 'కాన్ఫిగ్' అను ఎంపికల పట్టికయు పోవును. అట్టి యాజ్ఞ నిచ్చుటకు మున్నే ఆ పట్టికకు ప్రతి తీసి వేరొకచోట దాచుకొనవలెను.